వికటకవిని వెనుక నుంచి చదవడం: పిహెచ్‌పి స్ట్రింగ్ ప్రమేయాల్లో తెలుగు అక్షరం

ముందు నుంచి చదివినా వెనుక నుంచి చదివినా ఒకే తీరుగా ఉండే మాట చెప్పమంటే తెలుగువారికి మొదట తోచేది 'వికటకవి'. చిత్రకవిత్వం గురించి బోధించేటప్పుడు అనులోమ విలోమాల ప్రస్తావన ఈ మాటతోనే మొదలుపెట్టడం పరిపాటి. ఆ పాఠానికి తోడుగా ఒక చిన్న వెబ్ పుట తయారు చేయాలని విద్యార్థులతో కలిసి కూర్చున్నప్పుడు మాకు ఎదురైన చిక్కు ఈ వ్యాసానికి మూలం. ఇచ్చిన పదాన్ని తిరగేసి, మూలంతో పోల్చి, రెండూ ఒకటైతే 'అవును' అనీ, కాకపోతే 'కాదు' అనీ చెప్పే ప్రమేయం రాశాం. పిహెచ్‌పి భాషలో అది మూడు పంక్తుల పని. 'వికటకవి' ఇచ్చి చూస్తే వచ్చిన జవాబు 'కాదు'.

ప్రోగ్రాంలో దోషం లేదు. దానికి తెలిసిన 'అక్షరం' మనకు తెలిసిన అక్షరం కాదు. ఈ తేడాను సాంకేతికుల సమస్యగా భావించి పక్కన పెట్టడం మనకు అలవాటు. కానీ పదసూచికలు, నిఘంటువులు, ఛందోవిశ్లేషణ, ప్రయోగాల లెక్కింపు ఇప్పుడు యంత్రం మీదనే జరుగుతున్నాయి. ఆ పనిముట్లలో ఇమిడి ఉన్న అక్షర నిర్వచనాన్ని విమర్శకు పెట్టవలసిన బాధ్యత భాషాసాహిత్య శాఖలదే. ఒక గ్రంథాన్ని చదివినట్టే ఒక ప్రమేయాల సంపుటిని కూడా చదవవచ్చు. ఎవరు, ఎవరికోసం, ఏ భాషను మనసులో ఉంచుకొని రాశారో అందులోనూ కనిపిస్తుంది.

గణితంలో ఫంక్షన్‌కు ప్రమేయం అనే మాట స్థిరపడింది కాబట్టి ఇక్కడా దానినే వాడుతున్నాను. స్ట్రింగ్ అంటే ప్రోగ్రాంలో ఒక వరుసగా గుచ్చిన గుర్తుల దండ. దండను కొలవడం, కోయడం, తిప్పడం, వెదకడం, ఒక ముక్క తీసి మరొకటి పెట్టడం వంటి పనులు చేసే చిన్న ప్రమేయాలను సహాయక ప్రమేయాలు అంటారు. భాషతోపాటు వచ్చేవి కొన్ని, ఎవరికి వారు రాసుకొనేవి కొన్ని.

పేర్ల వెనుక

పిహెచ్‌పిని రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో లోకానికి ఇచ్చారు. తన సొంత వెబ్ పుట నిర్వహణకోసం రాసుకొన్న పనిముట్ల మూట అది. పేరులోని మూడక్షరాలు మొదట్లో 'పర్సనల్ హోమ్ పేజ్' అనే మాటలకు పొట్టిరూపం. స్ట్రింగ్ ప్రమేయాల పేర్లలో చాలావాటికి పుట్టిల్లు సి భాష. పొడవు చెప్పేది 'స్టర్‌లెన్', స్థానం చెప్పేది 'స్టర్‌పాస్', ముక్క కోసేది 'సబ్‌స్టర్', తిరగేసేది 'స్టర్‌రెవ్'. కొన్నింటిలో మాటల నడుమ అడుగుగీత ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. వెదికే ప్రమేయాల వివరణలో వెదకవలసిన దానిని 'సూది' అనీ, వెదికే చోటును 'గడ్డివాము' అనీ అంటారు. 'స్టర్‌పాస్'కు ముందు గడ్డివామును ఇవ్వాలి, తరువాత సూదిని. జాబితాలో వెదికే 'ఇన్ అరే'కు ముందు సూదిని ఇవ్వాలి. ఏళ్ల తరబడి రాసినవారు కూడా ఈ వరుస దగ్గర ఒక్క క్షణం ఆగుతారు.

పేర్లు ఇంత చిత్రంగా ఉండడానికి లెర్డార్ఫ్ 2013 డిసెంబరులో ఒక కారణం చెప్పారు. తొలి రోజుల్లో ప్రమేయాలు వందకు లోపే ఉండేవి. యంత్రం వాటిని పేరు పొడవును బట్టి అరల్లో సర్దేది. ఒకే అరలో అన్నీ పోగుపడకుండా, పేర్లు వేరువేరు పొడవుల్లో ఉండేట్టు ఏరి పెట్టారట. గణం కుదరడం కోసం పర్యాయపదాన్ని ఏరుకొనే పద్యకవి అవస్థ మనకు తెలియనిది కాదు కనుక ఇందులో నవ్వవలసింది పెద్దగా లేదు. అయితే ఆ కవికి తన పాదంలో అక్షరం అంటే ఏమిటో స్పష్టంగా తెలుసు. ఇక్కడ కొలిచింది ఆంగ్ల లిపిలోని అక్షరాలను. ఆ లిపిలో ఒక అక్షరానికి ఒక బైట్ సరిపోతుంది. కాబట్టి బైట్‌ను లెక్కపెట్టినా అక్షరాన్ని లెక్కపెట్టినా ఒకటే సంఖ్య వస్తుంది. ఆ ఒక్క లిపికి చెల్లిన సమానత మొత్తం సంపుటికి పునాది అయింది.

ఒక వాక్యంలో మొదటి అక్షరాన్ని పెద్దక్షరంగా మార్చే 'యూసీఫస్ట్' ఆ పునాది మీద లేచిన గదుల్లో ఒకటి. పెద్దక్షరం, చిన్నక్షరం అనే భేదమే లేని లిపికి అది నిరుపయోగం, నిరపాయకరం. మాటలను లెక్కించే 'స్టర్ వర్డ్ కౌంట్' అలాంటిది కాదు. సాధారణ అమరికలో దానికి తెలుగు వాక్యం ఎంత పెద్దది ఇచ్చినా మాటల సంఖ్య సున్న అంటుంది. దాని దృష్టిలో అక్కడ మాటలంటూ ఏవీ లేవు.

మూడు కొలతలు

యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల గది ఉంది. అచ్చులకు, హల్లులకు, గుణింతపు గుర్తులకు, పొల్లుకు, సున్నకు, విసర్గకు, అరసున్నకు వేర్వేరు సంకేతాలు. వెబ్‌లో విరివిగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ ఒక్కొక్క సంకేతానికి మూడేసి బైట్లు పడతాయి.

'తెలుగు', 'కమల', 'స్త్రీ' అనే మూడు మాటలను తీసుకొందాం. 'స్టర్‌లెన్' లెక్కించేది బైట్లను. కాబట్టి వాటి పొడవు వరుసగా 18, 9, 18 అంటుంది. బహుబైట్ల లిపులకోసం తరువాత చేరిన 'ఎంబీ స్టర్‌లెన్' సంకేతాలను లెక్కించి 6, 3, 6 అంటుంది. మన లెక్కలో అక్షరాలు 3, 3, 1. 'తెలుగు', 'కమల' రెండూ నగణాలే. 'స్త్రీ' ఒకే గురువు. యంత్రం మాత్రం 'తెలుగు'కు 'స్త్రీ'ని జోడీ చేసి, 'కమల'ను అందులో సగంగా లెక్కగట్టింది.

సంకేతాల లెక్క అక్షరాల లెక్క కాకపోతే వర్ణాల లెక్క అయి ఉంటుందేమో అని వ్యాకరణం చదివినవారికి అనుమానం రావచ్చు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తెలుగుకు ముప్పైయారు అని చెప్పినది వర్ణాల సంఖ్య. ఆ దృష్టితో విడదీస్తే 'తెలుగు'లో ఆరు వర్ణాలు, 'కమల'లోనూ ఆరే, 'స్త్రీ'లో నాలుగు. మొదటి మాటకు సంకేతాల సంఖ్య, వర్ణాల సంఖ్య కలవడం కేవలం కాకతాళీయం. 'కమల'లోని మూడు అకారాలు హల్లులలో అణగి ఉన్నందున సంకేతాలుగా బయటపడవు. 'స్త్రీ'లో ధ్వని ఏమీ లేని రెండు పొల్లు గుర్తులు సంకేతాలుగా లెక్కకు ఎక్కాయి. ఉచ్చరించేదాన్ని విడిచిపెట్టి, ఉచ్చరించనిదాన్ని కూడే కొలత ఇది. లిపిని దాచుకోవడానికి ఆ పద్ధతి చక్కగా పనికివస్తుంది. దానితో భాషను కొలిస్తే వచ్చే సంఖ్యకు మన శాస్త్రంలో పేరు లేదు.

'ఎంబీ' కుటుంబం జపాను ప్రోగ్రామర్ల కృషి. జపనీయుల లిపిచిహ్నం సాధారణంగా ఒక సంకేతంగానే ఉంటుంది కాబట్టి వారికి ఆ లెక్క సరిపోయింది. ఒక భాష అవసరం తీరగానే 'బహుభాషా సమర్థం' అనే ముద్ర పడింది. ఆ ముద్రను నమ్మి తెలుగు పుటలు తయారు చేసినవారిని తప్పుపట్టలేం.

కోత దగ్గర ఈ తేడా కంటికి కనబడుతుంది. శీర్షిక పొడవైతే కొంత చూపి మిగతాది చుక్కలతో ముగించే ప్రమేయం ప్రతి వెబ్ పుట వెనుకా ఉంటుంది. 'సబ్‌స్టర్'తో పది బైట్ల దగ్గర కోస్తే మూడు సంకేతాలు పోగా నాలుగోదానిలో మూడోవంతు మిగులుతుంది. తెర మీద నల్లని వజ్రంలో ప్రశ్నార్థకం కనిపించే చోట్లలో చాలావరకు జరిగింది ఇదే. 'ఎంబీ సబ్‌స్టర్' వాడితే ఆ వజ్రం పోతుంది. అంతకన్నా లోతైన దోషం మాత్రం మిగులుతుంది. 'వద్దు' అనే మాటలో అయిదు సంకేతాలు. నాలుగింటి దగ్గర కోస్తే 'వద్ద' అవుతుంది. 'మందు'ను మూడింటి దగ్గర కోస్తే 'మంద'. వజ్రం కనబడితే పొరపాటు జరిగిందని పాఠకుడికి తెలుస్తుంది. 'వద్ద' కనబడితే తెలియదు. పాఠపరిష్కరణలో లేఖకుడి దోషాలను చూసేవారికి ఈ భేదం సుపరిచితం. అర్థంలేని పాఠం కంటే అర్థమున్న తప్పుపాఠమే ప్రమాదకరం.

మార్పు ప్రమేయమైన 'స్టర్ రిప్లేస్' విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఒక కథలో 'రమ' అనే పాత్ర పేరును 'సీత'గా మార్చమని అడిగితే అది నమ్మకంగా మారుస్తుంది. ఆ కథలోనే ఎక్కడో ఉన్న 'రమ్యం' కూడా 'సీత్యం' అవుతుంది. పదసూచిక తయారుచేసేటప్పుడు 'కల' కోసం వెదికితే 'కలిమి', 'కల్ల' కూడా దొరుకుతాయి. పెద్ద మాటలో చిన్న మాట ఇమిడి ఉండడం ఏ భాషకైనా ఉన్నదే. కానీ 'కల్ల'లో 'కల' అనే అక్షరద్వయం అసలు లేదు. అందులో ఉన్నవి 'క', 'ల్ల'. లేనిదాన్ని ఉన్నట్టు చూపే సూచిక మీద ప్రయోగసంఖ్య ఆధారపడితే, ఆ సంఖ్య మీద కట్టిన వాదానికి బలమెంత?

ఒక మేలు చెప్పకపోతే విమర్శ ఏకపక్షమవుతుంది. యూటీఎఫ్-8 నిర్మాణం వల్ల బైట్లలో వెదికినా ఒక సంకేతం నడిమధ్య నుంచి తప్పుడు ఆచూకీ దొరకదు. అందుచేత ఖాళీల దగ్గర వాక్యాన్ని విడగొట్టడం, 2020లో వచ్చిన పిహెచ్‌పి 8లోని 'స్టర్ కంటెయిన్స్'తో ఒక మాట ఉందో లేదో చూడడం వంటివి తెలుగుకు చాలావరకు సరిగానే పనిచేస్తాయి. ఆ ప్రమేయం రాకముందు అందరూ 'స్టర్‌పాస్'తో సొంత ప్రమేయం రాసుకొనేవారు. మాట మొదట్లోనే దొరికితే అది స్థానం సున్న అని చెప్పేది. ఆ సున్నను 'లేదు' అని పొరబడని ప్రోగ్రామరు అరుదు.

అసలు మొత్తం భాషనే యూనికోడ్ మీద తిరిగి కట్టాలనే ప్రయత్నం 2005లో మొదలైంది. దానికి పిహెచ్‌పి 6 అని పేరు పెట్టారు. పని జటిలమై, వేగం, జ్ఞాపకశక్తి వినియోగం భారమై 2010లో విరమించారు. ఆ సంఖ్యను వదిలేసి 2015లో ఏడో కూర్పునే విడుదల చేశారు. ఆ ప్రయత్నం ఫలించినా దాని మూలమానం సంకేతమే తప్ప అక్షరం అయ్యేది కాదు. మన దృష్టితో చూస్తే ఆ వైఫల్యంలో పోయినది, సాధారణంగా అనుకొనేంత పెద్దది కాదు.

అక్షరానికి దగ్గరగా వచ్చే మూడో కొలత 'గ్రాఫీమ్' ప్రమేయాలది. చూడడానికి ఒకటిగా కనిపించే గుర్తుల గుంపును ఒక మానంగా తీసుకోవడం దీని పద్ధతి. దానిని లేఖనాక్షరం అనవచ్చు. ఈ లెక్కలో 'తెలుగు' మూడు, 'వికటకవి' అయిదు. లేఖనాక్షరాలుగా విడగొట్టి తిరగేస్తే వి, క, ట, క, వి అని వచ్చి మా పుట చివరకు 'అవును' అన్నది. మొదటిసారి అది 'కాదు' అనడానికి కారణం ఇప్పుడు తేటపడుతుంది. సంకేతాలను తిప్పితే మొదట ఆధారం లేని ఒక గుడి, దాని వెనుక వ, క, ట, కి, వ వస్తాయి. అలా విడగొట్టే సిద్ధప్రమేయం పిహెచ్‌పిలో 2024 నాటి 8.4 కూర్పుతో గాని రాలేదు. అంతవరకు ఎవరి సహాయక ప్రమేయం వారు రాసుకోవలసిందే.

అయితే ఈ కొలత కూడా నిలకడైనది కాదు. యూనికోడ్ ప్రమాణంలోని పాత నియమం పొల్లు దగ్గర గుంపును తెంచేది. దాని ప్రకారం 'స్త్రీ' అంటే స్, త్, రీ అని మూడు. 2023లో వచ్చిన 15.1 కూర్పు దేవనాగరి, వంగ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళ లిపులలో సంయుక్తాక్షరాన్ని తెంచకూడదని నియమం చేర్చింది. అప్పటి నుంచి 'స్త్రీ' ఒకటే. ప్రమేయం పేరు మారలేదు, ప్రోగ్రాం మారలేదు. దాని వెనుక యంత్రంలో ఏ నియమం అమలులో ఉందో దాన్ని బట్టి ఒకే గ్రంథానికి రెండు అక్షరసంఖ్యలు రావచ్చు. ఒక కావ్యంలో పదాల సగటు నిడివిని చెప్పే పరిశోధకుడు ఏ మానంతో, ఏ కూర్పుతో కొలిచాడో చెప్పకపోతే ఆ సంఖ్యను మరొకరు సరిచూడలేరు. తాళపత్రం సంఖ్య చెప్పకుండా పాఠాంతరం ఇచ్చినట్టే అది.

కంటికి ఒకటిగా కనబడి లోపల రెండుగా ఉండే సందర్భం మరొకటి ఉంది. ఐత్వానికి యూనికోడ్‌లో ఒకే గుర్తు ఉంది. ఎత్వపు గుర్తుకు కింది కొమ్మును విడిగా చేర్చి కూడా దానిని రాయవచ్చు. రెండు రకాలుగా ఎక్కించిన 'కైక'ను పోల్చమంటే ప్రమేయం రెండూ వేరంటుంది. ఏ పోలికకైనా, ఏ లెక్కకైనా ముందు ఇలాంటి రూపాలను ఏకరూపం చేయడం తప్పనిసరి.

వ్యక్తిగతమైన ఒక సంగతి చెబుతాను. ఒకచోట పరిశోధన ప్రతిపాదన సంగ్రహానికి 1,500 అక్షరాల పరిమితి పెట్టారు. తెలుగులో రాసిన సంగ్రహం మూడోవంతు చేరకముందే ఆ పెట్టె ఇక చాలన్నది. లోపల ఉన్నది బైట్ల లెక్క. ఖాళీలను మినహాయిస్తే తెలుగుకు దక్కేది 500 సంకేతాలే, అందులో అక్షరాలు ఇంకా తక్కువ. ఆంగ్లంలో రాసినవారికి 1,500 పూర్తిగా దక్కాయి. ఎవరూ పక్షపాతం చూపలేదు. ఎవరో ఎక్కడో 'స్టర్‌లెన్' అని రాశారు, అంతే. చివరకు నేను సంగ్రహాన్ని ఆంగ్లంలోకి మార్చి పంపాను. ఆ విషయం ఇప్పటికీ మనసుకు రుచించదు.

లేని ప్రమేయం

లేఖనాక్షరం సరిగ్గా దొరికినా ఛందస్సుకు పని పూర్తి కాదు. 'రామున్' అనే రూపాన్ని 'గ్రాఫీమ్' ప్రమేయం రా, ము, న్ అని మూడుగా విడగొడుతుంది. ఛందస్సులో అవి రెండే. పొల్లు ముందరి అక్షరంలో చేరి దాన్ని గురువును చేస్తుంది. రాతలో వేరుగా నిలిచినదాన్ని ఛందస్సు వెనక్కి కలుపుతుంది. ఇలా కలిపే సిద్ధప్రమేయం ఏ సంపుటిలోనూ లేదు, రాసుకోవాలి. రాయడం కష్టం కాదు. అచ్చు గాని, పొల్లుతో ముడిపడిన హల్లుల వరుస గాని మొదలు. దానికి గుణింతం, సున్న, విసర్గ ఉంటే చేర్చాలి. తరువాత వచ్చిన పొల్లుహల్లు వెనుక మరో హల్లు లేకపోతే దాన్నీ చేర్చాలి. అరసున్నను పట్టుకొని లెక్కలో వదిలేయాలి. పూర్ణబిందువు గురుత్వాన్ని తెస్తుంది, అరసున్న తేదు.

'ఆఫ్‌లైన్' వంటి మాటల్లో పొల్లును విడిగా నిలపడానికి కంటికి కనిపించని విభాజక సంకేతం ఒకటి ఉంటుంది. దానిని తొలగిస్తే 'ఆఫ్లైన్' అని వత్తు పడి రాత చెడుతుంది. ఛందోగణనకు మాత్రం తొలగించినా నష్టం లేదు. ఆఫ్, లైన్ అన్నా, ఆ, ఫ్లైన్ అన్నా రెండూ గురువులే. చూపే ప్రమేయంలో దోషమైన పని కొలిచే ప్రమేయంలో దోషం కాకపోవడం గమనార్హం. ఒకే 'శుభ్రపరిచే' ప్రమేయాన్ని అన్ని చోట్లా వాడే అలవాటు ఇక్కడ బెడిసికొడుతుంది.

గణానికి అక్షరం కావాలి. ప్రాసకు అక్షరం చాలదు. పాదంలో రెండో అక్షరం ఏదని 'ఎంబీ సబ్‌స్టర్'ను అడిగితే 'తెలుగు'కు ఒక ఎత్వపు గుర్తును, 'స్త్రీలు'కు ఒక పొల్లును ఇస్తుంది. లేఖనాక్షరంగా తీసి, అందులోని అచ్చును విడిచి, హల్లునో హల్లుల కూటమినో పోల్చాలి. ప్రాసకు ముందు పూర్ణబిందువు ఉంటే అది అన్ని పాదాల్లోనూ ఉండాలన్నది నియమం. ఆ బిందువు లేఖనంలో మొదటి అక్షరానికి చెందుతుంది, ప్రాసలో రెండోదానికి సంబంధించినది. ప్రమేయం వెనక్కి తిరిగి చూడక తప్పదు. ఇక యతికి హల్లుతోపాటు అచ్చు మైత్రి కూడా కావాలి. అంటే లిపిలో కనిపించని అకారాన్ని వెలికితీసి వర్ణాలుగా విడదీయాలి. ఒక పద్యపాదాన్ని పరీక్షించడానికి అక్షరం, హల్లు, వర్ణం అనే మూడు మానాలు కావాలన్నమాట. వాటిలో ఒక్కటి కూడా 'స్టర్‌లెన్'ది గాని, 'ఎంబీ స్టర్‌లెన్'ది గాని కాదు.

ఇవన్నీ లాక్షణికులు ఎప్పుడో విడదీసి చెప్పినవే. పద్యాల గణాలను గుర్తించే ఉపకరణాలు తయారుచేసినవారు వీటిని తమ తమ పద్ధతిలో ప్రమేయాలుగా మార్చుకొన్నారు. లోపించినది ఆ ప్రమేయాల నిర్వచనాలను బహిరంగంగా రాసి, పరీక్షకు నిలిచే ఉదాహరణలతో అందరికీ అందుబాటులో ఉంచడం. ప్రోగ్రామరుకు కావలసింది పొగడ్త కాదు, పరీక్షాపదాల జాబితా. ఏ పదానికి ఎన్ని అక్షరాలు, ఎన్ని మాత్రలు, పొల్లు ఎటు చేరుతుంది అన్నది తెలుగు శాఖలు చెప్పగలిగినంత కచ్చితంగా మరెవరూ చెప్పలేరు.

చెప్పలేని చోటు కూడా ఉంది. సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువవుతుంది. కానీ తెలుగు మాట తరువాత వేరే పదం మొదట్లో సంయుక్తం వస్తే కాదు. 'అతని ప్రేమ'లో 'ని' లఘువే. 'ధనప్రభావము' సంస్కృత సమాసం కాబట్టి అక్కడ 'న' గురువు. నా ప్రమేయం ఖాళీని చూసి పదం ముగిసిందని గ్రహిస్తుంది. పద్యాలు అచ్చువేసేటప్పుడు ఒకరు 'అతనిప్రేమ' అని కలిపేస్తారు, మరొకరు చదువరి సౌకర్యంకోసం 'ధన ప్రభావము' అని విడగొడతారు. మొదటిచోట ప్రమేయం లఘువును గురువంటుంది, రెండోచోట గురువును లఘువంటుంది. నిఘంటువును తోడిచ్చి తత్సమాలను గుర్తించేట్టు చేస్తే కొన్ని తప్పులు తగ్గాయి. తక్కినవాటి దగ్గర అది ఇప్పుడు గురువనీ లఘువనీ తేల్చకుండా ఆ అక్షరం పక్కన ఒక ప్రశ్నార్థకం పెడుతుంది. పద్యం తెలిసినవారు దాన్ని చూసి చేతితో దిద్దుతున్నారు.